నాలుగో నిమిషం

"మీ కంప్యూటర్‌లో రక్తం ఉందా? కనీసం ఒక్క చుక్క?"

కంప్యూటర్ ముందు కూర్చున్న అబ్బాయిని నిలదీసింది నర్సు. గుండెని పంపులా, రక్తనాళాలని పైపుల్లా లెక్కకట్టి, మనిషి కూర్చుంటే, లేస్తే బీపీ ఎలా మారుతుందో కంప్యూటర్‌లో చూపించడం అతని పని. అందుకే ఆసుపత్రిలో అతన్ని పంపులబ్బాయి అంటారు.

"రక్తం లేదండీ. మీరిచ్చిన మీ నాన్నగారి వివరాలే ఉన్నాయి. ఆయన వాడే బీపీ మాత్రతో, లేచి నిలబడగానే బీపీ పడిపోదు. నాలుగో నిమిషంలో పడిపోతుందంటోంది."

"లేవగానే చూశాను, నిమిషం ఆగీ చూశాను. బంగారంలా ఉంది. మీ పంపే లీకవుతోందేమో!"

"ఈమధ్య ఆయన రెండుసార్లు పడ్డారన్నారుగా, ఏం చేస్తూ పడ్డారు?"

నర్సుకి టక్కున గుర్తొచ్చింది. రెండుసార్లూ నాన్న అద్దం ముందు, సగం గడ్డం నురగతోనే పడ్డాడు. తడి నేల మీద జారాడనుకుంది; కానీ సగం గడ్డం గీసేసరికి నాలుగు నిమిషాలవుతుంది. తను డ్యూటీకొస్తే ఇంట్లో ఆయనొక్కడే. మూడోసారి పడితే ఎముక విరిగినా చూసే దిక్కుండదు.

"ఆదివారం ఇంటికి రండి," అంది.

ఆదివారం నాన్న గోడ పక్కన నిలబడ్డాడు. చేతికి బీపీ పట్టీ, వెనక కుర్చీ, కుర్చీ వెనక పంపులబ్బాయి.

"బాబూ, పెళ్ళయిందా?"

"నాన్నా! బీపీ చూసేటప్పుడు మాట్లాడకూడదు."

"నేను మాట్లాడకూడదు సరే. అతను చెప్పొచ్చుగా?"

"కాలేదండీ," అన్నాడతను, చెవులు ఎర్రబడుతుండగా.

మొదటి నిమిషం, నూట ముప్పై. రెండో నిమిషం, నూట ఇరవై ఎనిమిది. మూడో నిమిషమూ అంతే. నర్సు అతనికేసి 'ఏదీ మీ లెక్క?' అన్నట్టు చూసింది.

నాలుగో నిమిషంలో మెషిన్ మీద ఎనభై అయిదు. నాన్న మోకాళ్ళు వంగేలోపే అతను చంకల కింద చేతులేసి కుర్చీలోకి దించేశాడు.

నాన్న తేరుకున్నాక నర్సు అతనివైపు తిరిగింది.

"మీరు మూడో నిమిషంలోనే ముందుకొచ్చేశారు. మీ లెక్క మీద మీకే నమ్మకం లేదా?"

"ఉందండీ. కానీ లెక్క తప్పినా ఫర్వాలేదు. ఆయన పడకూడదు కదా!"

ఆమె అంకెలన్నీ కాగితం మీద రాసుకుంది.

ఆ అంకెలు చూసి డాక్టరు మాత్ర మార్చాడు. వరసగా ఆరు ఆదివారాలు పంపులబ్బాయి వస్తూనే ఉన్నాడు. ఆరోసారి నాన్న పది నిమిషాలు నిలబడినా అంకె చెక్కు చెదరలేదు. హుషారుగా వెళ్ళి గడ్డం గీసుకోవడం మొదలెట్టాడు.

"ఇక నేను రానక్కర్లేదండీ," అన్నాడతను పట్టీ మడతపెడుతూ.

"వచ్చే ఆదివారం కూడా రారా?"

"ఆ సంగతి కంప్యూటర్‌కి తెలీదు. మీకిష్టమైతే మన పెళ్ళి మాట మీ నాన్నగారిని అడగాలి."

"నాకిష్టమే." ఆమె చూపు దించలేదు. "ఉండండి, నాన్నని కూర్చోబెట్టి..."

"కుర్చీ ఎందుకమ్మా?" నున్నటి గడ్డం తుడుచుకుంటూ అద్దం ముందు నుంచి కేకేశాడు నాన్న. "అడగమను. నిలబడే వింటాను!"