బఠానీ తీగ సాక్ష్యం

మంగళవారం ఉదయం ఎనిమిదిన్నరకు ఇర్మా బెతాన్‌కూర్ ఆఫీసు తలుపు తట్టకుండానే తెరుచుకుంది. లోపలికి వచ్చిన మనిషి తెల్లకోటు విప్పడం కూడా మరిచిపోయి మోంతెవిదేయో వీధుల్లో అరగంట నడిచి వచ్చింది. జుట్టు చెదిరిపోయింది.

విల్మార్ అప్పుడే మాతే ఆకుల పొడి వేసిన చిన్న సొరబుర్రలో వేడినీళ్ళు పోస్తున్నాడు. పదేళ్ళు సిటీబస్సులో కండక్టరుగా చేసి, ఆరేళ్ళుగా ఇర్మా దగ్గర సహాయకుడిగా ఉన్నాడు. మనిషి ముఖం చూడగానే ఏ స్టాపులో దిగుతారో చెప్పగలనని అతని ధీమా. ఈవిడను చూసి, మొగుడు పారిపోయిన కేసని తేల్చేశాడు. ఆరేళ్ళలో అతని అంచనా ఒక్కసారీ నిజం కాలేదు, అయినా అతను మానలేదు.

"ముందు కూర్చుని ఇది తాగండి," అని ఇర్మా మాతే బుర్ర అందించింది. ఆవిడకు యాభై ఎనిమిదేళ్ళు, పొట్టి మనిషి. స్కూళ్ళ తనిఖీ అధికారిణిగా పాతికేళ్ళు చేసి రిటైరయ్యాక ఈ డిటెక్టివ్ పనిలో దిగింది. దొంగ హాజరు పట్టీలు పట్టుకున్న కళ్ళకు దొంగలు ఒక లెక్కా అంటుంది.

"తాగే తీరిక లేదు దోన్యా ఇర్మా. రెండు రోజులే ఉన్నాయి. ఆ పిల్ల చచ్చిపోతుంది," అంది వచ్చినావిడ.

ఆమె పేరు డాక్టర్ నిదియా ఫెరేరా. ఆస్పత్రిలోని రక్తవ్యాధుల పరిశోధనాలయంలో పనిచేస్తోంది. ఆ పిల్ల బ్రెండా. ఇరవైమూడేళ్ళు, పాలెర్మో పేటలో డప్పు వాయించే పిల్ల. రెండేళ్ళుగా రక్త క్యాన్సర్.

"మొదటి మందుకు కణాలు చాలావరకు చచ్చాయి," అంది నిదియా. "చావని కొన్ని మొండికేశాయి. లోపలికి వెళ్ళిన మందును వెళ్ళినట్టే బయటికి కక్కేస్తున్నాయి. రెండో మందు ఇచ్చాం, మూడోది ఇచ్చాం, దేనికీ లొంగలేదు. అవి ఎందుకు మొండికేస్తాయో కనుక్కోవడమే పదకొండేళ్ళుగా నా పని. చివరికి బ్రెండా సొంత తెల్లకణాలనే తీసి, శత్రువును గుర్తుపట్టడం వాటికి నేర్పించాం. అంతా కలిపి అరచేతిలో పట్టే సంచీ ఒక్కటి. పల్చటి రేకు పెట్టెలో పెట్టి ద్రవ నైట్రోజన్ ట్యాంకులో దాచాం. శుక్రవారం సాయంత్రం నా కళ్ళతో చూశాను. ఆదివారం పొద్దున చూస్తే లేదు."

"మళ్ళీ తయారు చేసుకోలేరా?"

"తీయడానికి ఆమెలో మంచి కణాలు మిగలాలిగా! పైగా సంచీ ఎక్కించే ముందు ఇవ్వాల్సిన మందు శనివారమే మొదలుపెట్టేశాం. ఇప్పుడామెకు జలుబును తట్టుకునే శక్తి కూడా లేదు. గురువారం సంచీ ఎక్కకపోతే..."

పోలీసులు వచ్చి వెళ్ళారట. ట్యాంకు గది తాళంచెవులు మూడు. ఒకటి నిదియా దగ్గర, ఒకటి ఆమె సహోద్యోగి డాక్టర్ అతీలియో బార్బే దగ్గర, మూడోది కాపలాదారు బల్ల మీద. బయటివాళ్ళెవరూ రాలేదని కాపలాదారు ఒట్టేశాడు. బార్బే శనివారమంతా బావమరిది ఇంట్లో పొయ్యి దగ్గర నిలబడి మాంసం కాలుస్తున్నాడు. ఆదివారం తెల్లవారేదాకా అక్కడే ఉన్నాడని పదిమంది చెప్పారు. నిదియా ఇంట్లో ఒంటరిగా ఉంది. ఇక పోలీసుల చూపంతా ఆమె మీదే.

"సంచీ ట్యాంకు బయట ఎంతసేపు బతుకుతుంది?" అంది ఇర్మా.

"కొన్ని నిమిషాలు."

"అయితే ఒకటే లెక్క. తీసినవాడు పాడుచేయాలనుకుంటే ట్యాంకు మూత తెరిచి వదిలేస్తే సరిపోయేది, మోసుకుపోవడం దేనికి? మోసుకుపోయాడంటే బతికించాలనుకున్నాడు. పదరా విల్మార్, వేడినీళ్ళ ఫ్లాస్కు తీసుకో."

*

ట్యాంకు గదిలో డాక్టర్ బార్బే వాళ్ళకోసం ఎదురుచూస్తున్నాడు. నలగని చొక్కా, దువ్విన మీసం. మాట మెత్తన. నిల్వల బాధ్యత ఆయనదే.

"పాపం నిదియా," అన్నాడు గొంతు తగ్గించి. "పని ఒత్తిడి ఎక్కువైంది. ఎక్కడో పెట్టి మరిచిపోయిందేమోనని నా భయం."

విల్మార్‌కు ఒళ్ళు మండింది. ఇర్మా మాత్రం ట్యాంకు చుట్టూ తీరిగ్గా తిరిగింది. నడుమెత్తు అల్యూమినియం డబ్బా అది. మూత తీస్తే లోపల తెల్లటి పొగమంచు తప్ప ఏమీ కనిపించలేదు. మూత అడుగున అంటించిన మందపాటి నురుగు బిళ్ళ కొత్తగా, తెల్లగా మెరుస్తోంది. ఇర్మా దాన్ని వేలితో ఒత్తి చూసింది.

"ఈ పొగలో నైట్రోజన్ ఎంతుందో ఎలా తెలుస్తుంది డాక్టరుగారూ?"

"చాలా తేలిక. సెంటీమీటరు గీతలున్న పొడవాటి కర్ర అడుగుదాకా దించి, తీసి గాలిలో ఊపుతాం. మునిగినంత మేర మంచు పడుతుంది. ఆ గీత చూసి పుస్తకంలో రాస్తాను. రోజూ, నా చేత్తో." బార్బే పుస్తకం తెరిచి చూపించాడు. ముప్ఫై నాలుగు, ముప్ఫై మూడు, ముప్ఫై రెండు. సోమవారం నింపగానే మళ్ళీ ముప్ఫై నాలుగు. పేజీలకు పేజీలు, ఒకే సిరా, చక్కటి దస్తూరీ.

"చూడముచ్చటగా ఉంది," అంది ఇర్మా. ఆ మాట ఆవిడ మెచ్చుకోలుగా అనలేదని విల్మార్‌కు తెలుసు. ఎందుకన్నదో మాత్రం తెలియలేదు.

కాపలాదారు అనీబల్ పెరట్లో ఉన్నాడు. అరవై దాటిన మనిషి. ఆస్పత్రి గోడ వారన రెండు వరుసల బఠానీ పాదులు పెంచుకుంటున్నాడు. సెప్టెంబరు ఎండకు పూతా కాయా కలిసి తీగలు నిండుగా ఉన్నాయి. ఇర్మా అడక్కుండానే ఒక కాయ తుంచి ఒలిచి నోట్లో వేసుకుంది.

"తియ్యగా ఉన్నాయే! వీటికి ఊతకర్రలెక్కడివి?"

"దొరికినవేనమ్మా. అది పాత చీపురు కర్ర. అది కర్టెన్ కడ్డీ. ఈ గీతలది జులైలో నడవాలో చెత్తబుట్ట పక్కన పడుంటే తెచ్చుకున్నా. ఎవరూ అడగలేదు."

తీగ ఆ కర్రను అడుగు నుంచి కొసదాకా పెనవేసుకుని, కొసన ఊతం చాలక గాలిలో చేతులు చాచింది. ఇర్మా దాని ముందు చాలాసేపు నిలబడింది. బఠానీల మీద ఇంత మక్కువేమిటో అనుకున్నాడు విల్మార్.

"శనివారం బయటివాళ్ళెవరూ రాలేదన్నావు," అంది ఇర్మా.

"పురుగు కూడా రాలేదమ్మా. ఒట్టు."

"బయటివాళ్ళు కానివాళ్ళు?"

అనీబల్ తల గోక్కున్నాడు. "అంటే... మనోళ్ళా? మధ్యాహ్నం ఎర్మెస్ వచ్చాడు. నైట్రోజన్ పోసేవాడు. సోమవారం కుదరదు, పశువుల ప్రదర్శనలో ఉంటానని ముందే వచ్చాడు. బయటివాడని చెప్పాల్సిన మనిషా అతను? పన్నెండేళ్ళుగా వస్తున్నాడు. తాళం ఇచ్చి పంపా."

"పోలీసులకు చెప్పలేదే?"

"వాళ్ళు బయటివాళ్ళ గురించే అడిగారమ్మా!"

విల్మార్ అప్పటికే పరుగందుకున్నాడు. "దొరికాడు దొంగ! దోన్యా ఇర్మా, పట్టేద్దాం పదండి!"

"దొంగంటే ఇంకా ఎవరూ దొరకలేదు," అంది ఇర్మా, వెనక నింపాదిగా నడుస్తూ. "పద, ముందు సంచీ తెచ్చుకుందాం."

*

ప్రాదో పేటలో పశుప్రదర్శన జనంతో కిక్కిరిసి ఉంది. కాల్చిన మాంసం పొగ, గడ్డి వాసన, మైకులో బహుమతి ఆబోతుల పేర్లు. ఒక్కో ఆబోతుకు దువ్వెనతో జుట్టు దువ్వుతున్నారు. కొట్టాల వెనక ఒక పాత వ్యాను దగ్గర, ఆబోతు వీర్యం నిల్వచేసే ట్యాంకుల మధ్య బోర్లించిన బకెట్ మీద కూర్చుని బక్కపల్చటి మనిషి మాతే తాగుతున్నాడు.

"దోన్ ఎర్మెస్ మీరేనా?" అంది ఇర్మా. "డాక్టర్ నిదియా సంచీ మీ దగ్గర క్షేమమేనా?"

విల్మార్ వ్యానుకు అడ్డం నిలబడ్డాడు, పారిపోతాడేమోనని. ఎర్మెస్ పారిపోలేదు సరికదా ముఖం విప్పారింది.

"హమ్మయ్య, వచ్చారా! ఆదివారం నించి చూస్తున్నా. రేపు సామానంతా ఎత్తుకుని తాక్వారెంబో వెళ్ళిపోవాలి. ఇది నా దగ్గరే ఉండిపోతుందేమోనని తల బద్దలుకొట్టుకుంటున్నా. ఆయన ఫోనెత్తడు. ఇదిగో, ఈ వెడల్పు మూతిదాంట్లో పెట్టా. మా పెద్ద ఆబోతు పక్కనే, రాజభోగం!"

అతను తోలు గ్లౌజు తొడుక్కుని ట్యాంకులోంచి కొంచెం పైకెత్తి చూపించాడు. పొగమంచులో రేకు పెట్టె తళుక్కుమంది. బ్రెండా పేరు స్పష్టంగా కనిపించింది. విల్మార్ కళ్ళు చెమర్చాయి. అతను ఆ నేరాన్ని మాంసం పొగ మీదికి నెట్టేశాడు.

*

ఆ సాయంత్రం నాలుగింటికి ఇర్మా అందరినీ ట్యాంకు గదిలో కూర్చోబెట్టింది. నిదియా, బార్బే, అనీబల్, ఎర్మెస్, పోలీసు ఇన్స్పెక్టరు ఒకాయన. రేకు పెట్టె తిరిగి దాని చోటుకు చేరింది. సంచీతో పాటు పరీక్షకని ఉంచిన చిన్న గొట్టాన్ని కరిగించి నిదియా సూక్ష్మదర్శిని కింద పెట్టింది.

"చచ్చిన కణాలు నీలం రంగు తాగేస్తాయి," అంది. "బతికినవి తెల్లగా మిగులుతాయి."

"మీరు లెక్కపెట్టండి. ఈలోపు నేను చెబుతాను," అంది ఇర్మా. "శనివారం మధ్యాహ్నం దోన్ ఎర్మెస్ మూత తెరిచాడు. ఏం చూశావయ్యా?"

"ట్యాంకు ఎండిపోతోందమ్మా. అడుగున జానెడు కూడా లేదు. మూత బిళ్ళ అరిగిపోయి గాలి పీలుస్తోంది. ట్యాంకు ఎక్కువ తాగుతోంది, చూసుకోండని డాక్టరుగారికి రెండుసార్లు చెప్పా. ఎండి వేడెక్కినదాంట్లో పోస్తే కుతకుతా మరుగుతుంది, చల్లబడ్డానికి ఒక పూట పడుతుంది. అందుకని పెట్టె తీసి నా ట్యాంకులో పెట్టుకుని, కొత్త బిళ్ళ వేసి, ట్యాంకు నింపి, ఆయనకు ఫోన్ చేశా. మంచిపని చేశావ్, ఎవరికీ చెప్పి కంగారుపెట్టకు, ఆదివారం నేనే వచ్చి తీసుకుంటానన్నారు."

"అబద్ధం!" బార్బే లేచి నిలబడ్డాడు. "నాకే ఫోనూ రాలేదు. ట్యాంకు ఎప్పుడూ నిండుగానే ఉంది. పుస్తకంలో చూసుకోండి!"

"పుస్తకమే చూశాను," అంది ఇర్మా. "విల్మార్, దాన్ని ఇలా తే."

విల్మార్ పెరట్లోంచి ఊతకర్ర తెచ్చి బల్ల మీద పెట్టాడు. దానికింకా బఠానీ తీగ చుట్టుకునే ఉంది. కొసన రెండు కాయలు వేలాడుతున్నాయి. ఆకుల సందుల్లో సెంటీమీటరు గీతలు కనిపిస్తున్నాయి.

"రోజూ కర్ర ముంచి కొలిచానన్నారు. ఆ కర్ర జులై నించి పెరట్లో బఠానీలకు ఊతం. నిన్న మొన్న కట్టింది కాదని ఈ తీగే చెబుతోంది. రెండున్నర నెలల్లో ఒక్కరోజు కొలిచినా కర్రేదని వెతికేవారు. ఎవరూ వెతకలేదు. మా స్కూళ్ళలోనూ ఇంతే డాక్టరుగారూ. పిల్లలు రాని రోజునే హాజరు పట్టీ చక్కటి దస్తూరీతో నిండేది."

బార్బే మళ్ళీ కూర్చున్నాడు.

"ఆదివారం గుట్టుగా పెట్టె తెచ్చి పెట్టేద్దామనుకున్నారు. డాక్టర్ నిదియా మీకంటే ముందు మూత తెరిచింది. అక్కడ నోరు విప్పితే ఎండిన ట్యాంకూ, దొంగ లెక్కలూ బయటపడతాయి. మూసుకుంటే దొంగతనం ఆమె మీద పడుతుంది. మీరు మూసుకున్నారు."

"నేను... ఆ పిల్లను చంపాలనుకోలేదు," అన్నాడు బార్బే.

"అవును, చంపాలనుకోలేదు. చస్తే చావనీ అనుకున్నారు. ఆ రెంటికీ తేడా ఏమిటో పైఅంతస్తుకు వెళ్ళి బ్రెండాకు చెప్పండి."

సూక్ష్మదర్శిని పక్కన నిదియా వేలు లెక్క యంత్రాన్ని టక్ టక్‌మని నొక్కుతున్న చప్పుడే వినిపిస్తోంది. విల్మార్ ఊపిరి బిగబట్టాడు. ఇర్మా కూడా బిగబట్టిందని అతనికి మొదటిసారి అనిపించింది.

నిదియా తలెత్తింది. "వందకు తొంభై ఒకటి," అంది. "తొంభై ఒకటి బతికే ఉన్నాయి!"

ఎర్మెస్ టోపీ తీసి పైకి విసిరాడు. అనీబల్ ఇన్స్పెక్టరును కావలించుకున్నాడు. ఇన్స్పెక్టరు విడిపించుకుని వెళ్ళి బార్బే భుజం మీద చెయ్యి వేశాడు.

*

గురువారం ఆ సంచీ పదకొండు నిమిషాల్లో బ్రెండా ఒంట్లోకి ఎక్కింది. చూడ్డానికి ఏ విశేషమూ లేదు, చిక్కటి గంజినీళ్ళలా ఉందని విల్మార్ పెదవి విరిచాడు. ఆ రాత్రినుంచి ఆమెకు జ్వరం మండిపోయింది. ఒంట్లో యుద్ధం మొదలైందని దానికి అర్థమని నిదియా చెప్పింది. నాలుగు రోజులు అందరి ప్రాణాలూ అరచేతిలో ఉన్నాయి. ఐదో రోజు జ్వరం దిగింది.

నెలరోజులకు మూలుగ పరీక్ష చేశారు. మొండికేసిన కణాలు వెతికినా కనిపించలేదు. "ఇప్పటికి," అని నిదియా గట్టిగా చెప్పింది. "ఏళ్ళ తరబడి కనిపెట్టుకుని ఉండాలి." చెబుతున్నంతసేపూ ఆమె నవ్వుతూనే ఉంది.

ఆదివారం పాలెర్మోలో బ్రెండా ఇంటి గుమ్మం ముందు అందరూ చేరారు. అనీబల్ బఠానీలు బుట్టెడు తెచ్చాడు. ఊతం పోయి ఒక తీగ నేలపాలైందని సణిగితే, ఇర్మా కొత్త కర్ర ఒకటి చేతిలో పెట్టింది, గీతలు లేనిది. బ్రెండా తలకు రుమాలు కట్టుకుని, నోటికి గుడ్డ కట్టుకుని, తన చిన్న డప్పు ముందు కూర్చుంది. చేతులు పుల్లల్లా ఉన్నాయి.

"ఐదు నిమిషాలే," అంది నిదియా, గడియారం చూస్తూ. "ఒక్క నిమిషం ఎక్కువైనా ఊరుకోను."

"సరే డాక్టరమ్మా, ఐదే," అంది బ్రెండా, కర్ర ఎత్తుతూ.

మొదటి దెబ్బ తడబడింది. రెండోది నిలబడింది. మూడోదానికి వీధి చివరినుంచి ఇంకో డప్పు బదులిచ్చింది, ఆ పక్కింటినుంచి మరొకటి. ఐదు నిమిషాలు దాటాయి, పదీ దాటాయి. విల్మార్ నిదియా వైపు చూశాడు. ఆమె గడియారం విప్పి కోటు జేబులో వేసుకుంది.