రబ్బరు బ్యాండు తీసేసిన పెన్ను

"పేరు చెక్కాక వెనక్కి తీసుకోనమ్మా," అంది షాపు నడిపే దేవకృప ఆంటీ. "తాతగారిని తీసుకొచ్చి ఒకసారి చేత్తో పట్టించి చూడరాదూ?"

"వద్దాంటీ, సర్‌ప్రైజ్!" అంది సృజన.

"ఆంటీ చెప్పేది గూడ కరెక్టే గదా బిడ్డా," అన్నాడు పక్కనే ఉన్న డాడీ కిషన్.

"డాడీ, ప్లీజ్! చెక్కుండ్రి ఆంటీ. బ్రహ్మచారి అని. పెద్దగ కనిపియ్యాలె."

రాంగోపాల్‌పేట్‌లోని ఆ పెన్నుల షాపులో చిన్న మిషన్ జుయ్యిమంటూ తిరిగింది. నల్లగా నిగనిగలాడే మెటల్ పెన్ను మీద తాత పేరు వెండి రంగులో మెరిసింది. తొందర సృజన ఇంటిపేరు అని వాళ్లమ్మ భవాని అంటుంది. నేను కాదనను.

సృజన తాత బ్రహ్మచారి ముప్పై నాలుగేళ్లు ఫ్యాక్టరీలో లేత్ మిషన్ మీద పనిచేశాడు. గిర్రున తిరిగే ఇనుమును చెక్కి స్క్రూలు, కడ్డీలు చేసే పని అది. పోయిన వేసవిలో ఆయన గొంతుకు పెద్ద ఆపరేషన్ అయింది. ప్రాణం దక్కింది కానీ మాట పోయింది.

అప్పటినుంచి తాత చొక్కా జేబులో ఒక చిన్న నోట్‌ప్యాడ్, ఒక పెన్ను ఉంటాయి. "పప్పుల ఉప్పు తక్కువైంది" అన్నా, "లెక్కల మార్కులు ఎందుకు దాస్తున్నవ్?" అన్నా అందులో రాయాల్సిందే. ఫోన్‌లో టైప్ చేయడం ఆయనకు చేతకాలేదు. ఒక అక్షరం నొక్కితే ఇంకొకటి పడేది.

రాతలో కూడా ఆయనది గట్టి గొంతే. పెన్ను నొక్కి రాస్తే కింద మూడు కాగితాల మీద అచ్చు పడేది. ఆ నొక్కుడుకు ప్లాస్టిక్ పెన్నులు వారానికొకటి పగిలేవి. తాత ప్రతి పెన్నుకూ కొన దగ్గర రబ్బరు బ్యాండు చుట్టేవాడు. పగులు విచ్చుకోకుండా చుడుతున్నాడని సృజన అనుకుంది. రోజూ జేబులో పెట్టుకుని తిరిగినా, పది సార్లు కింద పడ్డా ఏమీ కాని మెటల్ పెన్ను కొనాలని డాడీ చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది.

పెన్ను చూడగానే తాత కళ్లు చెమర్చాయి. చెక్కిన పేరును బొటనవేలితో రెండుసార్లు నిమిరాడు. తర్వాత ప్యాడ్ మీద "మస్తుగుంది బిడ్డా" అని రాశాడు. అక్షరాలు వంకరపోయాయి. ఎవరూ గమనించలేదు.

మర్నాడు సాయంత్రం సృజన స్కూల్ నుంచి వచ్చేసరికి ఆ కొత్త పెన్నుకు రబ్బరు బ్యాండు చుట్టి ఉంది.

"ఏంది తాతా గిది!" అని అరిచింది. "ఇంత మంచి పెన్నుకు రబ్బరు బ్యాండా? నీ పేరు సగం కనిపిస్తనే లేదు!"

గబగబా బ్యాండు లాగి చెత్తబుట్టలో వేసింది. తాత ఏదో చెప్పబోయినట్టు చెయ్యి ఎత్తాడు. మళ్లీ దించేశాడు. మనవరాలిని చూసి నవ్వాడు.

ఆ రోజు నుంచి తాత రాయడం తగ్గింది. అన్నం కావాలంటే చెయ్యి చూపేవాడు. వద్దంటే తల ఊపేవాడు. లెక్కల మార్కుల గురించి కూడా అడగడం మానేశాడు. సృజనకు అది హాయిగానే అనిపించింది.

"మామయ్య ఈ నడుమ ఏమీ రాస్తలేరు," అంది భవాని.

"పాణం బాగలేక పరేషాన్‌ల ఉన్నట్టున్నడు," అన్నాడు కిషన్. అంతటితో ఆ మాట ఆగిపోయింది.

ఆదివారం పురుషోత్తం తాత వచ్చాడు. ఫ్యాక్టరీలో ఆయనది తాత పక్క మిషన్. పెళ్లికి పోయినా చావుకు పోయినా ఇద్దరూ ఒకే బండి మీద పోయేవాళ్లు. ఆయన కుర్చీ లాక్కుని తాత మోకాళ్లకు మోకాళ్లు ఆనించి కూర్చున్నాడు.

"రేపు దవాఖానల జాయినైతున్న చారీ. గుండె ఆపరేషన్," అన్నాడు. "నీకు తప్ప ఎవ్వరికీ చెప్పలే. భయమైతుంది రా. నువ్వొక మాట చెప్పు."

తాత పెన్ను తీసి తిప్పాడు. "పురుషోత్తం, నువ్వు" అని రాసేసరికి పెన్ను వేళ్లలోంచి జారి కుర్చీ కింద పడింది. సృజన తీసి ఇచ్చింది. తాత మళ్లీ పట్టుకున్నాడు. మళ్లీ జారింది. గీత ఒకటి కాగితం చివరిదాకా పోయింది.

ఇంటి కింద, పురుషోత్తం తాత వచ్చిన ఆటో హారన్ కొట్టింది.

"సరేలే, వచ్చినంక తీరుబడిగ ముచ్చట పెట్టుకుందాం," అని పురుషోత్తం తాత లేచాడు. తాత ఆయన చెయ్యి పట్టుకుని వదల్లేదు. ఆటో ఇంకోసారి హారన్ కొట్టింది.

పురుషోత్తం తాత మళ్లీ రాలేదు. ఆపరేషన్ అయిన మూడో రోజు పొద్దున ఫోన్ వచ్చింది.

అంత్యక్రియలకు పోయివచ్చిన తాత స్నానం చేసి బాల్కనీలో కూర్చున్నాడు. ఒళ్లో ప్యాడ్ ఉంది. రెండు చేతులతో పెన్ను పట్టుకుని ఏదో రాయాలని చూస్తున్నాడు. కుదరలేదు. పెన్ను పక్కన పెట్టి తల దించుకున్నాడు. భుజాలు అదిరాయి.

గొంతు పోయిన మనిషి ఏడిస్తే చప్పుడు రాదు. సృజనకు ఆ సంగతి అప్పుడే తెలిసింది.

ఆమె వెళ్లి పెన్ను చేతిలోకి తీసుకుంది. తాత చెమటకు తడిసి సబ్బుముక్కలా ఉంది. ఆమె వేళ్లలోంచి కూడా జారింది. అప్పుడు వెలిగింది.

"తాతా, రబ్బరు బ్యాండు పగులు కోసం కాదా? పట్టు కోసమా?"

తాత తల ఊపాడు. సృజన లోపలికి పరుగెత్తి తన లావుపాటి డ్రాయింగ్ పెన్సిల్ తెచ్చి ఇచ్చింది. తాత మెల్లగా రాశాడు.

"షుగర్‌తోని వేళ్ల కొసలు మొద్దుబారినయి. నున్నటిది చేతిల ఆగది."

"మరి నాకెందుకు చెప్పలే?"

"నువ్వు మస్తు మురిసినవ్. పేరు గూడ చెక్కిచ్చినవ్. ఎట్ల చెప్పాలె?"

సృజన పెన్ను మీద చెక్కిన పేరు వైపు చూసింది.

"ఆ బ్యాండు నేను తియ్యకుంటే... ఆ రోజు పురుషోత్తం తాతకు నువ్వు చెప్తుంటివి గదా?"

తాత అబద్ధం ఆడే మనిషి కాదు. కాదని రాయలేదు. దగ్గరికి తీసుకుని తల నిమిరాడు.

శనివారం సృజన తాతను వెంటబెట్టుకుని అదే షాపుకు వెళ్లింది. డాడీ బయట బండి దగ్గర నిలబడ్డాడు. దేవకృప ఆంటీ అద్దం మీద పెన్నులు పరిచి, "నీకేది నచ్చిందమ్మా?" అంది.

సృజన చూపు నీలం రంగు పెన్ను మీదే ఉంది. చూపు తిప్పేసుకుంది.

"నన్ను అడగకుండ్రి ఆంటీ. తాతను అడుగుండ్రి."

తాతలోని లేత్ మిషన్ మనిషి లేచి కూర్చున్నాడు. ఒక్కో పెన్నునూ అద్దం మీద దొర్లించి వంకర ఉందేమో చూశాడు. మర విప్పి గోటితో తడిమాడు. జేబులో పెట్టి, వంగి, పడిపోతుందేమో చూశాడు. కాగితం మీద గట్టిగా నొక్కాడు. వేళ్లు తుడవకుండా, చెమటతోనే పట్టుకున్నాడు.

అరగంట పట్టింది. సృజన గడియారం చూడలేదంటే అబద్ధమవుతుంది. రెండుసార్లు చూసింది. కానీ తాతను తొందరపెట్టలేదు.

చివరికి తాత ఒక స్టీల్ పెన్ను ఎంచుకున్నాడు. మెరుపు లేదు. పట్టుకునే చోట సన్నటి గరుకు గళ్లు ఉన్నాయి. పైన బొటనవేలితో నొక్కితే చాలు, టిక్కుమని ముల్లు బయటికొస్తుంది. సృజన కంటికి అది నట్లు బిగించే పానాలా కనిపించింది.

"పేరు చెక్కనా?" అంది ఆంటీ.

సృజన తాత వైపు చూసింది. తాత తల అడ్డంగా ఊపి పెన్ను జేబులో పెట్టుకున్నాడు. బయటికొచ్చి ప్యాడ్ తీసి "తిరుమలగిరి పోదాం" అని రాశాడు. అక్షరాలు నిటారుగా ఉన్నాయి.

తిరుమలగిరిలో పురుషోత్తం తాత భార్య కమలాబాయి ఒక్కతే ముందుగదిలో ఉంది. గోడ మీద ఆయన ఫొటోకు దండ వేసి ఉంది. తాత ఆ ఫొటోకు ఎదురుగా కుర్చీ వేసుకున్నాడు. మోకాలి మీద ప్యాడ్ పెట్టుకుని పెన్ను టిక్కుమనిపించాడు.

"పురుషోత్తం, నువ్వు నా పక్క మిషన్ మీద ఉన్నవ్ గాబట్టే నేను ముప్పై నాలుగేండ్లు భయం లేకుంట పనిచేసిన. రేపు నువ్వు గూడ భయపడకు. నేను బయట బెంచీ మీదనే కూసుంట."

అది రాసి ఆగలేదు. పేజీ తిప్పాడు. పెన్ను జారలేదు.

కమలాబాయి కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఆమెకు కళ్లజోడు లేకుండా అక్షరాలు కనిపించవు.

"ఏమంటుండు బిడ్డా మీ తాత? జెర నువ్వు చెప్పు."

సృజన మొదటి పేజీ చదివేసింది. చెప్పడానికి నోరు తెరిచింది. తాత వంచిన తల చూసి, మూసుకుంది. మూలనున్న చాపను కమలాబాయి పక్కన పరుచుకుని కూర్చుంది.

"ఇంకా అంటనే ఉన్నడు అమ్మమ్మా," అంది మెల్లగా. "అయ్యేదాక ఆగుదాం."