ముప్ఫై ఎనిమిదో మీటరు

"మా ఆయన్ని సాయంత్రం పోలీసులకి అప్పజెప్తారట సార్," అంటూ ఆవిడ గుమ్మంలోనే ఏడ్చేసింది.

డిటెక్టివ్ కుర్చీ చూపించాడు. ఆయన అసిస్టెంటు, రిటైరైన టైపిస్టు, పెన్సిలు తీసింది. తమ బాస్ తలుచుకుంటే తేలని కేసు ఉండదని ఆవిడ గట్టి నమ్మకం.

వచ్చినావిడ భర్త పంపు ఆపరేటరు. ఊరందరికీ నీళ్ళిచ్చే బోరు మోటారు ఈ ఎండాకాలంలోనే మూడోసారి కాలిపోయింది. నీళ్ళు లేక కాలిందని అతను మొత్తుకుంటున్నాడు. ట్యాంకర్లవాళ్ళతో కుమ్మక్కై అతనే కాల్చాడని నీటి సరఫరా ఇంజనీరు ఫిర్యాదు రాశాడు.

"బోరులో నీళ్ళున్నాయని ఇంజనీరుకి చెప్పిందెవరమ్మా?"

"నెలనెలా బోరులో నీటిమట్టం కొలిచేది మా నాన్నే సార్. ఆయన తప్పు రాసే మనిషి కాదు. మా ఆయన అబద్ధమాడే మనిషి కాదు. నాకేం పాలుపోవడం లేదు."

ఇద్దరిలో ఒకరి మాట నిజం కాదు. ఎవరిని కాపాడమని వచ్చిందో ఆవిడకే తెలియదు, పాపం.

పంపు గదిలో కాలిన మోటారు విప్పి పెట్టి ఉంది. డిటెక్టివ్ వంగి చూశాడు. లోపలి తీగచుట్ట మొత్తం ఒకేలా నల్లబడింది. కేబులు మీద చిన్న కోత కూడా లేదు.

"కాలేముందు ఏం జరిగింది?"

"గొట్టంలోంచి ముందు గాలి, తర్వాత బురద వచ్చాయండీ," అన్నాడు ఆపరేటరు.

"కట్టుకథ!" ఇంజనీరు రిజిస్టరు తెరిచాడు. "ఇదిగో, మొన్న కూడా ముప్ఫై ఎనిమిది మీటర్ల లోతులో నీళ్ళు. మోటారు వేలాడేది అరవైలో. నెత్తిన ఇరవై రెండు మీటర్ల నీళ్ళు పెట్టుకుని మోటారు ఎండిపోతుందా?"

"మట్టం నలభై దాటితే ఏం చేస్తారు?"

"రోజుకి గంటే తోడాలని రూలు. కొత్తగా చేరిన ఆపరేటర్లని ఇంటికి పంపేస్తాం."

ఇంతలో ఆపరేటరు మామగారు తన ఉక్కు టేపుతో వచ్చాడు. టేపు చివర సుద్ద రాసి బోరులోకి దింపుతారు. సుద్ద ఎక్కడిదాకా తడిస్తే అక్కడ నీళ్ళు. డిటెక్టివ్ టేపు అడిగి తీసుకున్నాడు. చివర సుద్ద పొరలు పొరలుగా గడ్డకట్టి ఉంది. పూర్తిగా విప్పాడు. నలభై దాకా అంకెలు అరిగిపోయాయి. ఆ తర్వాత, తుప్పు పట్టకుండా కొట్లో పూసిన నూనె ఇంకా జిగురుగానే ఉంది. పట్టుకుంటే అసిస్టెంటు వేళ్ళు నల్లబడ్డాయి.

సాయంత్రం నాలుగింటికి అందరినీ బోరు దగ్గరికి పిలిచాడు.

"మోటారుని ఎవరూ పాడుచెయ్యలేదు. కేబులు మీద కోత లేదు, తీగచుట్టంతా ఒకేలా మాడింది. అది నీళ్ళు లేకే కాలింది. మరి రిజిస్టరు? నీళ్ళు తాకిన సుద్ద పొరలు కట్టదు, కరిగిపోతుంది. ఈ టేపు చాలాకాలంగా తడవలేదు. నలభై దాకా దిగి పొడిగా పైకొచ్చింది. ఇంకా కిందికి దింపితే నిజం తెలిసిపోతుందని దింపలేదు. అవునా పెద్దాయనా?"

ముసలాయన తనే కొత్త సుద్ద రాసి టేపు దింపాడు. నలభై. అరవై. డెబ్బై ఒకటి దగ్గర అడుగు తగిలింది. పైకి తీస్తే సుద్ద పొడిగా, తెల్లగా ఉంది.

"మూడేళ్ళ కిందట మొదటిసారి నలభై దాటింది," అన్నాడు కూతురితో. "అప్పుడే మీ ఆయన ఉద్యోగంలో చేరాడు. ఒక్క వర్షం పడితే లేస్తుందిలే అని ముప్ఫై ఎనిమిది రాశానమ్మా. వర్షం పడింది. మట్టం లేవలేదు. ఆ తర్వాత చూసే ధైర్యం లేకపోయింది."

"మరి నన్ను పోలీసులకి పట్టిస్తామన్నప్పుడు?" అన్నాడు అల్లుడు.

"చెబుదామని రెండుసార్లు ఆఫీసు దాకా వెళ్ళాను బాబూ. లోపలికి అడుగు పడలేదు."

కూతురు చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇంజనీరు ఫిర్యాదు చించేశాడు. ఆయన గొంతులో కోపం కూడా లేదు.

"ఆ రోజే నిజం రాసుంటే, రోజుకి గంట చొప్పున ఇంకో పాతికేళ్ళు నీళ్ళొచ్చేవి. పాతికేళ్ళవీ మూడేళ్ళలో తోడేశాం."

అసిస్టెంటు బాస్ ముఖం చూసింది. కేసు తేలిపోయింది. ఎవరికీ ఒరిగిందేమీ లేదు.

ఆపరేటరు మాత్రం గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాడు. "అయితే నేను రేపు డ్యూటీకి రావచ్చా సార్?"

"దేనికయ్యా?" అన్నాడు ఇంజనీరు.

భార్య వచ్చి ఆపరేటరు చెయ్యి పట్టుకుని ఇంటివైపు నడిచింది. తండ్రి వైపు ఆవిడ తిరిగి చూడలేదు.