కొత్త పడవలో నీళ్ళు

ఇంజను బిగించడానికి వచ్చినవాణ్ణి, ఇంజను బిగించి నోరు మూసుకుని పోవాలి. అలా పోతే నేనెందుకవుతాను!

ఆ ఊళ్ళో ఇళ్ళకంటే పడవలే ఎక్కువ. సగం కట్టినవి వీధిలోకి కూడా వచ్చేసి ఉంటాయి. టీ తాగాలంటే ఒక పడవ కిందనుంచి వంగి వెళ్ళాలి. మొదటి వారంలోనే నా తల మూడుసార్లు బొప్పి కట్టింది. మూడోసారి పడవ కట్టే మేస్త్రిగారమ్మాయి చూసి నవ్వింది. ఆ నవ్వుకోసం ఇంకో రెండుసార్లు తగిలినా ఫర్వాలేదనిపించింది.

పలకల మధ్య సందుల్లో నూనెలో ముంచిన నూలు కూరడం ఆమె పని. ఉలి పెట్టి, చిన్న సుత్తితో టకటకా కొట్టుకుంటూ పోయేది. స్పానరు వెతుకుతున్నట్టు నటిస్తూ నేను అక్కడక్కడే తిరిగేవాణ్ణి. ఆ స్పానరు నా జేబులోనే ఉందని ఒకరోజు ఆమే చెప్పింది.

పడవని నీళ్ళలోకి దించిన రోజు ఇంజను చూద్దామని లోపలికి దిగాను. చీలమండదాకా నీళ్ళు! వెంటనే ఓనరుకి ఫోను చేసి పడవ కారుతోందని చెప్పేశాను. మొదటిసారి పడవ కొంటున్న మనిషి, హడలిపోయాడు. నాకొద్దు పొమ్మన్నాడు. ఏదో ఘనకార్యం చేసినట్టు మేస్త్రిగారి దగ్గరికి పరిగెత్తి ఈ సంగతి చెప్పాను.

ఆయన చేతిలో పని ఆగిపోయింది. కూతురే అంది.

"కొత్త చెక్క నీళ్ళు తాగుతుందండీ. మూడు రోజులకి ఉబ్బి సందులన్నీ మూసుకుంటాయి. ఇన్నేళ్ళలో మా నాన్న కట్టిన పడవ ఒక్కటి కూడా బాగాలేదని వెనక్కి రాలేదు. మీరు ఇంజన్ల వరకు చూసుకుంటే బాగుండేది."

తిట్టినా బాగుండేది. ఆ 'అండీ' నన్ను చంపేసింది.

మళ్ళీ ఫోను చేసి తప్పు నాదేనని మొత్తుకున్నాను. పొద్దున్న కారుతోందన్న నోటితోనే సాయంత్రం బాగుందంటే ఏది నమ్మమంటావని ఓనరు నిలదీశాడు. నాలుగో రోజు ఆ పడవలో నేనే సముద్రంలోకి వెళ్తానని, ఒడ్డున నిలబడి చూసుకోమని చెప్పాను. ఏ కళనున్నాడో, సరేనన్నాడు.

మూడు రోజులు బకెట్లతో నీళ్ళు తోడాం, ఆమె, నేను. మొదటి రోజు నా వైపు చూడలేదు. రెండో రోజు, నడుం పట్టేస్తుంది, మోకాళ్ళు వంచి తోడమంది. మూడో రోజు మధ్యాహ్నం అడుగున అరచెయ్యి పెట్టి నాకు చూపించింది. తడి తప్ప నీళ్ళు లేవు.

ఇంజన్లో చప్పుడు వినగానే విప్పి పారేయడమే నాకు తెలిసిన విద్య. ఓపిక పట్టి చూడడం అనేదొకటి ఉందని ఆమె పక్కన కూర్చుంటేనే తెలిసింది. పనైపోయింది కాబట్టి ఇక వెళ్ళిపోవాలని గుర్తొచ్చి, బిగించిన బోల్టులే మళ్ళీ బిగిస్తూ కూర్చున్నాను.

నాలుగో రోజు పొద్దున్న బయల్దేరాం. చుక్కాని దగ్గర మేస్త్రిగారు, ఇంజను దగ్గర నేను. నూలు ఎలా నిలబడిందో చూడాలని ఆమె కూడా ఎక్కింది. ఒడ్డున ఓనరు వేలెడంత కనిపిస్తున్నాడు. పడవ అడుగున చుక్క నీరు చేరలేదు. పెద్ద అల ఒకటి లేపి దించేసరికి రెండు చేతులతో పడవ అంచు పట్టుకున్నాను. ఆమె గబుక్కున నా చొక్కా పట్టుకుంది.

"నీకు ఈత రాదా?"

'మీరు' పోయి 'నువ్వు' వచ్చిన సంగతి అంత భయంలోనూ నాకు తెలిసింది. రాదన్నాను.

"మరి ఏ ధైర్యంతో వస్తానన్నావు?"

"నువ్వు కూరిన నూలు కదా అని." ఎలాగూ నోరు జారింది, మిగతాది కూడా అనేశాను. "నిన్ను వదిలి వెళ్ళడం నావల్ల కాదు."

ఆమె కళ్ళు చెమర్చాయి. ఇంజను చప్పుడులో నా మాట ఇంకెవరికీ వినపడదనుకున్నాను. మేస్త్రిగారు చుక్కాని మీదనుంచి చూపు తిప్పకుండానే గొంతు సవరించుకున్నారు.

"అల్లుడికి ఈత రాదంటే ఊళ్ళో నవ్వుతారమ్మా. రేపట్నుంచి నేర్పు."

నేను పడవ అంచు వదిలేశాను. ఆమె మాత్రం నా చొక్కా వదల్లేదు.