నలభై రెండు నిమిషాల దారి

"కళ్ళు నెత్తికెక్కాయా?"

ఆ అమ్మాయి అతనితో అన్న మొట్టమొదటి మాట అది. అనదూ మరి! రేవులో బుద్ధిగా ఆగి ఉన్న ఆమె సరుకు ఓడని మనవాడు వెనకనుంచి వచ్చి గుద్దేశాడు. కంగారుపడకండి, ఎవరికీ దెబ్బలు తగల్లేదు. అవి ఆకాశంలో తిరిగే ఓడలు, అదీ కంప్యూటర్లో. చుక్కలదారి అని ఒక ఆన్‌లైన్ గేమ్ ఉంది. ఇదంతా అందులో జరిగింది.

"సారీ అండీ, తొందరలో చూసుకోలేదు," అన్నాడు మైకులో.

"నీలిరేవుకేగా వెళ్ళేది? ఎంత తోసుకుంటూ వెళ్ళినా నలభై రెండు నిమిషాలు పడుతుంది. ఇంకెందుకు తొందర?"

"అదేగా నా ఏడుపు!"

అవతల కిలకిలమని నవ్వు వినిపించింది. అక్కడికక్కడే అతనికి 'తొందరబాబు' అని పేరు పెట్టేసింది. గేమ్‌లో ఆమె పెట్టుకున్న పేరు 'నిదానం'.

ఆ గేమ్‌లో ఒక పద్ధతి ఉంది. సరుకు ఓడలో రెండు సీట్లు. ఒకరు నడపాలి, పక్కనున్నవాళ్ళు దొంగ ఓడలు వస్తున్నాయేమో కనిపెట్టుకుని ఉండాలి. ఒంటరిగా వెళితే సగం దారి చేరకుండానే దొంగలు ఊడ్చుకుపోతారు. మనవాడి ఓడ ముక్కు ఎలాగూ సొట్టపోయింది.

"గుద్దినందుకు శిక్ష. ఎక్కి కాపలా కాయండి," అంది నిదానం.

ఆ ఎక్కడం ఎక్కడం, నాలుగు నెలలు దిగలేదు.

అతను కట్టుడు పళ్ళు తయారుచేసే ల్యాబులో పనిచేస్తాడు. సాయంత్రం ఆరున్నరకల్లా చేతికంటిన ప్లాస్టరు కూడా సరిగ్గా కడుక్కోకుండా వచ్చి హెడ్‌ఫోన్స్ పెట్టుకునేవాడు. ఆమె ఫిజియోథెరపిస్టు. కాళ్ళు విరిగి లేచినవాళ్ళకి మళ్ళీ నడక నేర్పడం ఆమె పని.

"వచ్చిన ప్రతివాళ్ళూ రేపటికల్లా పరిగెత్తించమంటారు," అనేది. "ఇవాళ ఒకాయన అడిగాడు, దీనికి మాత్ర ఏమీ లేదా అని."

"నయం. నా దగ్గరికొచ్చిన పళ్ళసెట్టు కొలతలు తప్పు. ముసలాయన నోట్లో గుర్రం పళ్ళు పట్టేలా ఉన్నాయి."

"పెట్టి పంపించు. సకిలిస్తాడు."

మొదటిరోజే ఆమె ఒక షరతు పెట్టింది. పేరు, ఊరు, ఫోన్ నంబరు అడగకూడదు. దారిలో మాటల మధ్య ఏం తెలిస్తే అదే. అలా అతనికి తెలిసినవి చాలా ఉన్నాయి. ఆమెకి కోపమొస్తే ఇంగ్లీషు వస్తుంది. పిన్ని దగ్గర పెరిగింది. దుప్పటి మడతపెట్టడం చేతకాదు, ఉండచుట్టి బీరువాలో కుక్కేస్తుంది.

ఒకరోజు మాటల మధ్యలో చప్పుడు వినిపించింది.

"మీ దగ్గర వానా?" అన్నాడు.

"ఊఁ. ఉండు, మైకు కిటికీలో పెడతా."

ఆ రోజు ఇద్దరూ ఇంకేమీ మాట్లాడుకోలేదు. తెరమీద చుక్కలు జరిగిపోతుంటే, తనది కాని ఊళ్ళో కురుస్తున్న వాన వింటూ కూర్చున్నాడు. నీలిరేవు వచ్చేసరికి, ఈ అమ్మాయి లేకపోతే తను బతకలేడని తెలిసిపోయింది. అడగాలనుకున్నాడు. రేపు అడుగుదాంలే అనుకున్నాడు. తొందరబాబు జన్మలో ఒక్కసారి నిదానించాడు, అదీ సరిగ్గా అక్కడే!

మర్నాడే గేమ్ కంపెనీ ప్రకటన వచ్చింది. కొత్త అప్‌డేట్‌లో ఒక బటన్ ఇస్తున్నారు. నొక్కితే ఒక్క సెకనులో నీలిరేవు! కాపలా అక్కర్లేదు, పక్కసీటు అక్కర్లేదు. దానికింద, మీరు అడిగారు మేం ఇచ్చాం అంటూ ఒక ఆటగాడి పోస్టు పెద్దక్షరాల్లో వేశారు. 'నలభై రెండు నిమిషాలు చుక్కలు లెక్కపెడుతూ కూర్చోడానికి నాకేం పనీపాటా లేదా? నొక్కగానే చేరాలి!' పదకొండు వేల లైకులు.

రాసింది మనవాడే. గేమ్‌లో చేరిన మొదటి వారంలో, ఆమె ఓడని గుద్దకముందు, చిరాకుపుట్టి రాసిపారేశాడు. తర్వాత ఆ సంగతే మర్చిపోయాడు.

"ఇది నీ పోస్టేనా?" అంది నిదానం సాయంత్రం.

"అదీ... నువ్వు పరిచయం కాకముందు..."

"పరిచయమై నాలుగు నెలలైందిగా. తీసెయ్యాలనిపించలేదా?"

"గుర్తులేదు, ఒట్టు!"

"నువ్వు లెక్కపెట్టిన చుక్కల్లో నేనూ ఒకదాన్నన్నమాట. ఫైన్. ఎంజాయ్ యువర్ అప్‌డేట్." కోపమొస్తే ఇంగ్లీషు వస్తుందని చెప్పానుగా.

అప్‌డేట్ వచ్చింది. చెప్పొద్దూ, మొదటిరోజు మనవాడికీ సరదాగానే ఉంది. నొక్కాడు, చేరాడు, దింపాడు, మళ్ళీ నొక్కాడు. నాలుగు నెలల్లో దింపని సరుకు గంటలో దింపేశాడు. రెండోరోజు ఆమె ఓడ రేవులో కనిపించింది. ప్రాణం లేచొచ్చి పక్కసీటులో ఎక్కాడు. అలవాటుకొద్దీ చెయ్యి బటన్‌మీద పడింది. "ఎలా ఉన్నా..." అనేలోపు నీలిరేవు వచ్చేసింది, సరుకు దించమని తెర అడిగింది.

"చేరిపోయాంగా," అంది ఆమె. దిగి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత సాయంత్రాలు ఆమె రాలేదు. ముప్ఫై సార్లు సారీ పంపాడు. అన్నీ చదివినట్టు గుర్తు పడింది, జవాబు మాత్రం లేదు. తలుచుకుంటే ఏడుపొచ్చేది. ఆమె దుప్పటి మడత సంగతి తెలుసు, ఊరు తెలియదు. ఎక్కడికని వెళ్ళి వెతుకుతాడు?

"ఏరా, కంచంలో అన్నం అలాగే ఉంది?" అంది అక్క.

"ఆకలి లేదక్కా."

"గేమ్‌లో ఓడిపోయావా?"

"ఆఁ."

రెండు వారాలు పోయాక ఇంకో ప్రకటన వచ్చింది. పాతదారి ఇంకా ఉందట, ఎవరూ వాడటం లేదట, అందుకని వచ్చే శుక్రవారం మధ్యాహ్నం నుంచి తీసేస్తారట. మనవాడు బటన్ ముట్టుకోకుండా పాతదారినే బయల్దేరాడు. ఆమె ఎక్కడైనా ఉంటే ఆ దారిలోనే ఉంటుందని ఒక పిచ్చి నమ్మకం. కానీ ఒంటరిగా వెళితే దొంగలు ఊరుకుంటారా? గిరాకీ లేక ఈగలు తోలుకుంటున్నారేమో, వారం రోజులు వరసగా వాడొక్కణ్ణే దోచుకున్నారు. సగం దారి కూడా దాటనివ్వలేదు.

గురువారం మాత్రం ఎలాగో తప్పించుకున్నాడు. సగం దారిలో ఒక దీపస్తంభం ఉంటుంది. అటుగా వెళ్ళిన ప్రతివాళ్ళ పేరూ, సమయమూ దానిమీద పడతాయి. ఇదివరకు వేల పేర్లుండేవి. ఇప్పుడు ఒక్కటే పేరు, వరసగా పదిహేను సార్లు.

నిదానం, ఉదయం ఐదూ యాభై. నిదానం, ఉదయం ఐదూ యాభై. నిదానం...

మనవాడు చేతుల్లో మొహం దాచుకుని అలాగే ఉండిపోయాడు.

శుక్రవారం తెల్లారకముందే లేచి రేవులో కూర్చున్నాడు. ఐదున్నరకి ఆమె ఓడ వచ్చింది.

"పక్కసీటు ఖాళీయేనా?" అన్నాడు.

"ఎక్కు. ఏ బటన్‌మీదా చెయ్యి వెయ్యకు."

బయల్దేరారు. పది నిమిషాలు దొంగ ఓడల కోసం తెరంతా వెతుకుతూ కూర్చున్నాడు.

"ముప్ఫై సారీలు చదివావుగా, ఒక్కదానికైనా జవాబివ్వచ్చుగా?" అన్నాడు చివరికి.

"సారీ టైపు చెయ్యడానికి రెండు సెకన్లు పడుతుంది."

"రోజూ పొద్దున్నే వస్తున్నావు. సాయంత్రం రావచ్చుగా?"

"సాయంత్రం వస్తే నువ్వు బటన్ నొక్కుకుంటూ హాయిగా కనిపిస్తావేమోనని భయం," అంది ఆమె. "పొద్దున్నయితే ఎవరూ ఉండరు. నువ్వు పక్కనున్నట్టే అనుకుని మాట్లాడుకునేదాన్ని."

"నేను వారం నుంచీ ఈ దారిలోనే ఉన్నాను. దొంగలు సగం దాకా కూడా రానివ్వలేదు!"

"దొంగలా? నాకు ఒక్కడూ కనిపించలేదే."

"వాళ్ళు మాత్రం పొద్దున్నే లేస్తారా!"

ఆమె నవ్వింది. నవ్వుతూనే ముక్కు ఎగబీల్చింది. ఇక ఆగితే మళ్ళీ రేపంటాడని మనవాడు కళ్ళు మూసుకుని చెప్పేశాడు.

"నువ్వంటే నాకిష్టం. మామూలు ఇష్టం కాదు. నువ్వు మాట్లాడని రోజు నాకు రోజులా లేదు. పేరు చెప్పు, ఊరు చెప్పు, మీ పిన్ని నన్ను కొడితే కొట్టనీ."

దీపస్తంభం వెనక్కి వెళ్ళిపోయింది. ఈసారి రెండు పేర్లు పడ్డాయి. ఆమె నెమ్మదిగా తన పేరు చెప్పింది. అతను తన పేరు చెప్పాడు. ఇద్దరూ ఒకరి పేరు ఒకరు పిలిచి చూసుకున్నారు. తర్వాత ఊళ్ళు చెప్పుకున్నారు.

"మీ ఊరినుంచి మాకు పాసింజరు ఉంది," అంది ఆమె. "పన్నెండు గంటలు. ప్రతి స్టేషన్లో ఆగుతుంది. ఎక్స్‌ప్రెస్ కూడా ఉందనుకో, నాలుగ్గంటలు. ఏది ఎక్కుతావు?"

చెప్పాల్సిన జవాబేదో మనవాడికి తెలుసు. ఇన్నాళ్ళూ చేసిన తప్పంతా ఆ ఒక్కమాటతో కడుక్కోవచ్చు. కానీ ఆమెతో అబద్ధమాడటానికి నోరు రాలేదు.

"ఎక్స్‌ప్రెస్సే," అన్నాడు. "తిట్టుకుంటే తిట్టుకో. ఇంకో పన్నెండు గంటలు ఆగడం నావల్ల కాదు."

"హమ్మయ్య!" అంది ఆమె. "పాసింజరు అంటావేమోనని హడలి చచ్చాను. ఎనిమిదింటికి బండి. ఇంకా కూర్చున్నావేం?"

"నీలిరేవు ఇంకా తొమ్మిది నిమిషాలుంది కదా! ఈ దారిలో ఇదే ఆఖరిసారి..."

"నేను నడుపుకుంటాలే. నువ్వు పరిగెత్తు!"

ఒక కాలికి చెప్పు వేసుకుంటూ, రెండోది వెతుక్కుంటూ గుమ్మందాకా వెళ్ళినవాడు వెనక్కి తిరిగాడు. "అక్కా, ల్యాబుకి ఫోన్ చేసి నాకు జ్వరమని చెప్పు!"

"చెప్తాలే. నెల్లాళ్ళ నుంచీ ఉన్నదేగా," అంది అక్క, రెండో చెప్పు అతనివైపు విసురుతూ.