ఓడల మీద దీపాలు ఆర్పిందెవరు?

కట్టుకున్నవాడు తన మాట నమ్మడేమో. ఆమె భయమల్లా అదే.

ఆ మధ్యాహ్నం మూడున్నరకు అది నిజమైంది.

"నా దీపాలేవే?" కంప్యూటర్ ముందు నిలబడి భర్త అరిచాడు.

నౌకాయుద్ధం గేమ్‌లో రాత్రి నిజం రాత్రిలా కనపడాలని అతను రెండేళ్ళు కూర్చుని చేసిన మోడ్, ఆ గేమ్‌కి తగిలించే అదనపు హంగు. ఓడకు ఎడమ పక్క ఎరుపు, కుడి పక్క ఆకుపచ్చ, నీళ్ళలో వాటి వణుకు. ఫైళ్ళన్నీ డిలీట్. సొరుగులో బ్యాకప్ డిస్క్ కూడా మాయం. మర్నాడే విడుదల.

"పొద్దున్నేగా అన్నావు, ఓడలన్నీ ముంచేస్తానని!"

"అంటే ముంచేసినట్టేనా? ఆ ఓడల్ని చూసినట్టు నన్నెప్పుడైనా చూశారా?"

చంకలో పిల్ల ఏడుపు లంకించుకుంది.

సాయంత్రం అతని పిన్ని వచ్చింది. సైబర్ క్రైమ్ ఇన్‌స్పెక్టర్. మోడ్‌కి ఓడల బొమ్మలు చేసే స్నేహితుణ్ణి కూడా పిలిపించింది. కంప్యూటర్ పాస్‌వర్డ్ తెలిసింది భార్యాభర్తలకీ, ఈ స్నేహితుడికీ మాత్రమే.

"డిలీట్ ఎప్పుడైంది?"

"మూడూ పదికి. కంప్యూటర్ లాగ్‌లో ఉంది పిన్నీ. నేనింకా ఆఫీసులోనే ఉన్నాను."

"అమ్మాయ్, నువ్వు?"

"పిల్లకు స్నానం చేయిస్తున్నానత్తయ్యా."

"వీధి తలుపు?"

"గడియ పెట్టలేదు."

"సాక్షి?"

"పిల్లే."

స్నేహితుడు నవ్వాడు. "సాక్షికి మాటలు రావాలిగా మేడమ్!"

"నీ సాక్షి ఎవరు బాబూ?"

"ఇంట్లో నిద్రపోతున్నానండీ."

ఇన్‌స్పెక్టర్ భర్త వైపు తిరిగింది. "నువ్వొచ్చేసరికి గది ఎలా ఉంది?"

"ఎప్పట్లాగే. కర్టెన్లు మూసి, స్క్రీన్ బ్రైట్‌నెస్ తగ్గించి. పెంచితే దీపాల లెక్కంతా తప్పుతుంది."

"అమ్మాయ్, కూర్చో. ఏదైనా ఫైల్ తెరువు."

ఆమె చేయి ముందు మానిటర్ అంచుకింద బటన్ మీదికి పోయింది. టకటకా నొక్కింది. తెర తెల్లగా వెలిగింది.

"ఇదిగో, ఇదే!" భర్త మండిపడ్డాడు. "పిల్లకు కార్టూన్లు పెట్టిన ప్రతిసారీ ఇంతే. మళ్ళీ తగ్గించదు. రోజూ ఇదే గొడవ."

"ఆ నూతిలో నాకేం కనపడి ఏడుస్తుంది?"

ఇన్‌స్పెక్టర్ వెలుగు మళ్ళీ తగ్గించింది. కర్టెన్ తెరిచింది. "ఇప్పుడు నువ్వు బాబూ."

స్నేహితుడు కూర్చోబోయి ఆగాడు. చేయి చాపి కర్టెన్ లాగి మూశాడు. మసక తెర మీద అతని మౌస్ ఎక్కడా తడుముకోలేదు.

"చాలు," అంది ఇన్‌స్పెక్టర్. "ఒరేయ్, ఇవాళ ఆ గొడవ ఎందుకు రాలేదో ఆలోచించావా? నీ పెళ్ళాం కూర్చుని ఉంటే ఈ తెర ట్యూబ్‌లైట్‌లా వెలుగుతుండేది. ఈ చీకట్లో చేయి తిరిగినవాళ్ళు ఇద్దరే. ఒకడు ఆఫీసులో ఉన్నాడు. బాబూ, ఆ సంచీ ఇలా ఇవ్వు."

డిస్క్ అందులోనే ఉంది.

"ఓడలు నావి మేడమ్," అన్నాడు స్నేహితుడు. "ఒక్కో ఫిరంగీ, ఒక్కో మెట్టూ నేను చెక్కాను. జనం పొగిడేది మాత్రం వీడి దీపాల్నే."

"మరి దీన్నెందుకు పారేయలేదు?"

"చేతులు రాలేదు. ఆ దీపాలు లేకపోతే నా ఓడలు బాగుండవు."

భార్యకు ఆ స్నేహితుడి మీద కోపం రాలేదు. ఆ కడుపుమంట ఆమె ఎరగనిది కాదు.

భర్త గబగబా డిస్క్ తగిలించాడు. "అన్నీ ఉన్నాయి! నువ్వు కాదని నాకు తెలుసులే," అన్నాడు, తెర మీంచి చూపు తిప్పకుండా.

"ఎప్పట్నించి తెలుసు?"

అతను మౌస్ నొక్కాడు. తెర మీద ఎర్ర దీపం ఒకటి వెలిగింది.

మోడ్ మర్నాడు విడుదలైంది. మీరూ ఆడతారేమో. ఆ దీపాలు చూసి ముచ్చటపడండి, తప్పులేదు. కాకపోతే మధ్యలో ఒక్కసారి లేచి, పక్క గదిలో ఉన్నావిడ భోంచేసిందో లేదో కనుక్కుని రండి.