ఎక్కినవాళ్లు ఐదుగురు

ఆమె తనను కాపాడిందా, పట్టించిందా? తొమ్మిదేళ్లుగా గుమాస్తాను ఈ సందేహం వదల్లేదు.

గుమాస్తా అన్నది గూఢచారి డిపార్ట్‌మెంట్ అతనికిచ్చిన కోడ్ నేమ్. అతను ఓడల కంపెనీలో గుమాస్తా అని వాళ్ల అక్క నమ్మకం. ఆ అబద్ధంలోంచే ఆ పేరు పుట్టింది.

తొమ్మిదేళ్ల కిందట ఒక పరాయి రైల్వే స్టేషన్లో ఆమె బెంచీ మీద కూర్చుని ఉంది. మెడకు పట్టు స్కార్ఫు, నల్ల కళ్లద్దాలు, ఒళ్లో స్టీలు ఫ్లాస్కు.

"టీ చల్లారిందా?" అన్నాడు గుమాస్తా. అది కోడ్.

"ఇంకా పొగలు కక్కుతోంది."

ఫ్లాస్కు మూతలో టీ పోసి ఇచ్చింది. రెండు గుక్కలు తాగాడో లేదో, రైలు కదిలింది. ఆమె అతన్ని పెట్టెలోకి నెట్టేసి, "ఎక్కినవాళ్లు నీతో కలిపి ఐదుగురు. దిగేటప్పుడు లెక్కపెట్టుకో" అంది.

సరిహద్దు దగ్గర దిగడానికి లేచినవాళ్లు ఆరుగురు. గుమాస్తా అవతలి తలుపులోంచి పట్టాల మీదికి దూకి బతికిపోయాడు. కానీ ఆ రైల్లో అతనున్నట్టు ఆమెకు తప్ప ఎవరికీ తెలియదు. మరి ఆ ఆరోవాణ్ణి పంపిందెవరు?

మూత మాత్రం అతని చేతిలోనే ఉండిపోయింది. అద్దెగదిలో అతనికున్న గ్లాసు అదొక్కటే. పొద్దున్నే దేవుడికి దణ్ణం పెట్టుకుని అందులోనే టీ తాగి, కడిగి సంచీలో వేసుకునేవాడు. ఆమె కోసం కూడా దణ్ణం పెట్టొచ్చో లేదో తేలక, రోజూ ఆ దణ్ణం దగ్గర ఒక్క క్షణం ఆగేవాడు.

ఆ ఉదయం బాస్ అతన్ని ఒక లాండ్రీ షాపు వెనకగదికి రమ్మన్నాడు. వేలాడే కోట్ల మధ్య నిలబడే బ్రీఫింగ్.

"బయటి దేశాల్లో మనవాళ్లు అరవై ఒక్కమంది. వాళ్ల పింఛను వివరాలు ఒకచోట, వైద్యం ఒకచోట, ప్రయాణాలు ఇంకోచోట ఉన్నాయి. విడివిడిగా దొరికితే ఎవడికీ ఏమీ అర్థం కాదు. మూడూ కలిస్తే?"

"ఎవరు ఎక్కడున్నారో బయటపడుతుంది."

"ఇవాళ పదకొండింటికి కలుస్తున్నాయి. డేటా ఇంటిగ్రేషన్ వర్క్‌ఫ్లో అట. మూడుచోట్ల నుంచీ తెచ్చి మన కొత్త రిజిస్టర్లో చేరుస్తుంది. శత్రువులు దాంట్లో ఏదో దూర్చారని కబురు. రుజువు లేకపోతే పైవాళ్లు ఆపరు."

"నేనెవర్ని?"

"బయటినుంచి వచ్చిన టెస్టర్‌వి. ముసలాడివి, చెవుడు. ఈ చెవి మెషిన్ రేడియో. అన్నట్టు, ఆ జాబితాలో నువ్వూ ఉన్నావు."

"నాకేమైనా అయితే మా అక్కకి..."

"ఓడ మునిగిందని చెబుతాం."

పది గంటలకి నెరిసిన విగ్గుతో గుమాస్తా ఆ రిజిస్టర్ ఆఫీసు మూడో అంతస్తులో అడుగుపెట్టాడు. కంప్యూటర్ ముందు మేనేజరు. పక్కన విదేశీ కంపెనీ కన్సల్టెంట్. చూడగానే గుమాస్తా గుర్తుపట్టాడు. ఆమే. స్కార్ఫు మారింది, ఫ్లాస్కు మారలేదు. మూత ఉండాల్సిన చోట ఒట్టి బిరడా. ఆమె అతన్ని గుర్తుపట్టిందో లేదో ముఖంలో తెలియలేదు.

"పదకొండుకి దానంతటదే మొదలవుతుంది తాతగారూ! త్వరగా సంతకం పడెయ్యండి!" అని మేనేజరు అరిచాడు.

"ఆఁ? చూసి పెడతానండీ."

ఒక్కొక్కటే చూశాడు. పాస్‌వర్డులు వర్క్‌ఫ్లోలో రాసిలేవు, విడిగా తాళం వేసి ఉన్నాయి. ప్రతి మెట్టూ వేరువేరుగా, స్పష్టమైన పేరుతో ఉంది. కొత్తది చెడితే పాతదాన్ని నిలబెట్టే రోల్‌బ్యాక్ బటన్ కూడా ఉంది. ఎక్కడా మచ్చ లేదు. అదే అతనికి మింగుడు పడలేదు.

"ఒక్కసారి టెస్టు నడిపిద్దామండీ. వేరే సర్వర్లో, ఉత్తుత్తి పేర్లతో."

"నిన్ననే నడిపించాం, పాసయింది!"

"నిన్న నేను లేను కదండీ."

మేనేజరు పళ్లు నూరాడు. గుమాస్తా పది పేర్లు టైపు చేశాడు. లేని మనుషుల్ని కల్పించడం అతనికి కొత్తేమీ కాదు. అక్కకి రాసే ఉత్తరాల్లో అతనికి సరిగ్గా పదిమంది ఓడ స్నేహితులున్నారు. వంటవాడు, సరంగు, పేకాటలో మోసం చేసే డాక్టరు... ఆ పదిమందినీ వర్క్‌ఫ్లోలోకి ఎక్కించాడు.

పది యాభై ఆరు. తెరమీద ఆకుపచ్చ టిక్కు పడింది. బయల్దేరినవి పది. టెస్టు రిజిస్టర్లో చేరినవి పది.

"చాలా?" అన్నాడు మేనేజరు.

"లాగ్ చూడాలండీ. దారిలో ఏం జరిగిందో రాసుకుంటుందిగా."

మేనేజరు నవ్వాడు. ఆ నవ్వు మధ్యలోనే గుమాస్తా లాగ్ తెరిచాడు. చదివినవి పది. రాసినవి ఇరవై.

ఎక్కినవాళ్లు ఐదుగురు, దిగినవాళ్లు ఆరుగురు. మిగతా పది ఎక్కడ దిగాయి? ఒక మెట్టు కడుపులో ఇంకో చిరునామా రాసిపెట్టి ఉంది. అది సరిహద్దు అవతలిది.

"లాగ్ ఆపెయ్యమని చెప్పానా లేదా!" మేనేజరు ఆమె మీద విరుచుకుపడ్డాడు.

"మర్చిపోయాను" అందామె చల్లగా.

పది యాభై తొమ్మిది. గుమాస్తా రోల్‌బ్యాక్ వైపు చెయ్యి చాచాడు. మేనేజరు ఆ మణికట్టు మెలితిప్పి, రెండో చేత్తో పిస్తోలు తీశాడు. తెరమీద అంకెలు ఎగురుతున్నాయి. పది... తొమ్మిది... ఎనిమిది...

ఆమె బిరడా పీకి ఫ్లాస్కు ఒంపింది. పొగలు కక్కే టీ మొత్తం మేనేజరు చేతుల మీదుగా చొక్కా మీదికి జారింది. వాడు కెవ్వుమన్నాడు. పిస్తోలు కిందపడింది. రెండు సెకన్లు ఉండగా గుమాస్తా బటన్ నొక్కాడు. కొత్త వర్క్‌ఫ్లో తప్పుకుంది. ఒక్క పేరు కూడా కదల్లేదు.

గార్డులు వచ్చి మేనేజర్ని ఈడ్చుకుపోయారు. గదిలో ఇద్దరే మిగిలారు.

"ఆరోవాణ్ణి ఎవరు పంపారు?" గుమాస్తా అడిగాడు. ఎన్నోసార్లు మనసులో అనుకున్న మాట అది.

"నేనే. పంపకపోతే సరిహద్దు అవతలివాళ్లు నన్ను తమ మనిషని నమ్మేవాళ్లు కారు. అందుకే నీకు లెక్క చెప్పాను." స్కార్ఫు సర్దుకుంది. "నువ్వు లెక్కపెట్టావో లేదో తెలుసుకునే దారి నాకు లేకపోయింది. తొమ్మిదేళ్లు."

అంటే సందేహం తనొక్కడిదే కాదు. గుమాస్తా సంచీలోంచి స్టీలు మూత తీసి ఆమె ముందు పెట్టాడు. అంచు దగ్గర చిన్న సొట్ట.

"సొట్ట నాది. పట్టాల మీద పడ్డప్పుడు."

"ఇన్నాళ్లూ పట్టుకు తిరుగుతున్నావా?"

"ఇవ్వాలిగా మరి."

ఆమె మూత బిగించింది. మూడు చుట్లకి సరిగ్గా కూర్చుంది. వాళ్లిద్దరూ పంచుకోవడానికి లోపల ఒక్క చుక్క టీ లేదు. కింద ఆమె కోసం కారు ఆగి ఉంది. ఎక్కడికని అతను అడగలేదు, ఆమె చెప్పలేదు. మెట్ల మీద ఆమె అడుగులు వినిపించినంతసేపూ లెక్కపెట్టుకున్నాడు.

చెవి మెషిన్ గరగరలాడింది. "శభాష్ గుమాస్తా! ఇంకేమైనా కావాలా?"

గుమాస్తా విగ్గు తీసి తల గోక్కున్నాడు.

"రేపు పొద్దుటికి ఒక గ్లాసు కావాలండీ."